యుద్ధానంతర పునర్నిర్మాణము, అంతర్జాతీయ సహాయము: బర్మాదేశపు అనుభవము

యుద్ధముచే ఛిన్నాభిన్నమైన దేశమును మరల నిలువబెట్టుటకు పరదేశములు ధనమును, యంత్రములను, నిపుణులను పంపుట ఇరువదవ శతాబ్దమున స్థిరపడిన ఆచారము. అంతకు పూర్వము గెలిచినవాడు ఓడినవానినుండి పరిహారము గుంజుకొనుటయే పరిపాటి. కూలిన ఊరిని లేవనెత్తుటకు వేరొక దేశము పూనుకొనుట అరుదు. 1943వ సంవత్సరము నవంబరు నెలలో 44 దేశముల ప్రతినిధులు వాషింగ్టను నగరమున సమావేశమై, యుద్ధపీడితుల సహాయ పునరావాసముల కొఱకు ఉమ్మడి సంస్థ నొకదానిని నెలకొల్పిరి. పరాధీనమై యున్నను భారతదేశము అందొక సభ్యదేశము. ఆ సంవత్సరముననే వంగదేశమున లక్షలాది జనులు ఆకలిచే మరణించుచుండగా, ఆ సంస్థ నిబంధనలు శత్రువునుండి విముక్తి పొందిన ప్రాంతములకే వర్తించునను కారణముచే ఆ ఘోరక్షామము దాని పరిధిలోనికి రాలేదు. మనము ఆ సంస్థకు చందాదారుల మైతిమి గాని, సహాయమునకు పాత్రులము కాలేకపోతిమి.

నాటినుండి నేటివఱకు ఐరోపాలో, కొరియాలో, కంబోడియాలో, అఫ్గనిస్తానములో, సింహళములో ఈ సహాయ మనేక రూపముల దాల్చినది. దానిని గూర్చిన గ్రంథములును లెక్కకు మించి వెలువడినవి. సహాయము ఋణముగా ఉండవలెనా, దానముగా ఉండవలెనా, ముందు రాజకీయ సంధి కుదురవలెనా, ముందు అన్నవస్త్రములు అందవలెనా, ధనము ప్రభుత్వముల ద్వారమున పోవలెనా, స్వచ్ఛంద సంస్థల ద్వారమున పోవలెనా అను వాదములు ఏబది అరువది ఏండ్లుగా సాగుచునే యున్నవి. వీనిలో దేనికిని విలువ లేదని నేననను. కాని వీని కన్నిటికిని ముందుగా జరిగిపోవు నిర్ణయ మొకటి కలదు. నష్టపోయినవారుగా ఎవరు లెక్కకు వచ్చెదరు, ఎవరు రారు అనునదే ఆ నిర్ణయము. తరువాతి లెక్కలన్నియు దానిపై నిలుచును. అది తప్పినచోట ఎన్ని కోట్లు ధారపోసినను పునర్నిర్మాణము కట్టడములకు పరిమితమగును.

ఈ మాటను నిరూపించుటకు గోదావరి మండలమువారము దూరదేశముల చరిత్రలను వెదుక నవసరము లేదు. ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన 1852వ సంవత్సరముననే ఆంగ్లేయులు రెండవ బర్మా యుద్ధములో దక్షిణ బర్మాను కైవసము చేసికొనిరి. ఇచ్చట గోదావరి నీరు కాలువల వెంబడి కడియము, మండపేట, రామచంద్రపురముల పొలములలోనికి పారసాగగా, అచ్చట ఐరావతీనది ముఖమునందలి అడవులు నరకబడి వరిమళ్ళుగా మారసాగెను. ఆ మళ్ళ ధాన్యమును ఆడుటకు మిల్లులు, బియ్యమును ఓడల కెత్తుటకు రేవులు, రేవులలో పనిచేయుటకు కూలీలు కావలసివచ్చిరి. ఆనకట్ట నీరు భూమి గలవారిని నిలిపినది గాని, భూమి లేనివారి నందఱిని నిలుపలేకపోయెను. ఆ నీరు చేరని విశాఖపట్టణము, గంజాము జిల్లాల పేదల సంగతి వేరుగ చెప్ప నక్కరలేదు. తొలుత కోరంగి నుండియు, పిదప కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవుల నుండియు, మేస్త్రీ లిచ్చిన బయానా పుచ్చుకొని, ఓడల డెక్కులపై ఎండకు వానకు ఓర్చి, ఏటేట వేలాది జనులు రంగము పోయిరి. రంగూను నగరమును మన పల్లెలలో పెద్దవారు ఆ పేరుతోనే పిలిచెడివారు.

1931వ సంవత్సరపు జనాభా లెక్కలలో బర్మాయందలి భారతీయులు పది లక్షలకు పైబడిరి. అందు తెలుగువారు లక్షన్నరకు మించి యుండిరి. రంగూను నగరవాసులలో సగముకంటె ఎక్కువమంది భారతీయులే. రేవులో బస్తాలు మోయుట, మిల్లులలో పాటుపడుట, రిక్షాలు లాగుట, నగరవీధులను శుభ్రపఱచుట మన కోరంగీల పని. అచ్చటివారు తెలుగువారి నందఱిని ఆ పేరుతోనే వ్యవహరించిరి. వారు పంపిన మనియార్డర్లతో ఇచ్చట ఎన్ని కొంపలు నిలిచినవో, ఎన్ని పెండ్లిండ్లు జరిగినవో ఏ గ్రంథమునను వ్రాసియుండలేదు. వారు అచ్చట సుఖముగ నుండిరని గాని, అందఱి మన్ననకు పాత్రులై యుండిరని గాని చెప్పజాలము. 1930వ సంవత్సరము మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టగా, ఓడల కంపెనీలవారు బర్మీయులను పనిలోనికి తీసికొని, సమ్మె ముగిసిన వెంటనే వారిని వెడలగొట్టిరి. పని కోల్పోయిన బర్మీయుల కోపము కంపెనీలను విడిచి కూలీలపై పడెను. నూటికి పైగా భారతీయులు ఆ కలహమున హతులైరి. బీదవాని నోటి కూడు తీసి వేరొక బీదవానికి చూపినవారు మేడలమీద క్షేమముగ నుండిరి. యుద్ధానంతరము బర్మాలో జరిగిన పంపకములను అర్థము చేసికొనుటకు ఈ కలహమును జ్ఞప్తియందుంచుకొనుట అవసరము.

1941వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూను నగరముపై బాంబులు కురిపించెను. రేవులలోను, రేవును అంటియున్న ఇరుకు వాడలలోను చనిపోయినవారిలో మన కూలీ లనేకులు. ప్రాణములరచేత బట్టుకొని పారిపోవుచున్న వీరిని, ఓడపనులు నిలిచిపోవునను భయముచే, ప్రభుత్వము తొలుత ఆపజూచెను. ధనికులకును దొరలకును ఓడలలో స్థలము దొరకినది. కూలీలకు కాలినడకయే గతియైనది. అరకాను కొండలమీదుగ కొందఱు, మణిపురము మీదుగ కొందఱు, ఉత్తరమున హుకాంగు లోయ బురదలో పడి మఱికొందఱు, నాలుగు లక్షలకు పైగా జనులు భారతదేశమునకు నడచి వచ్చిరి. దారిలో విషూచి చేతను, చలిజ్వరము చేతను, ఆకలి చేతను మరణించినవారిని ఎవ్వరును లెక్కించియుండలేదు. తక్కువ చెప్పినవారు పదివేలకు పైన ననిరి, ఎక్కువ చెప్పినవారు ఏబదివేల వఱకు పోయిరి. తెల్లవారికొక తీరున, నల్లవారికొక తీరున ఆ దారులలో సహాయము జరిగినదని 1942వ సంవత్సరమున అలహాబాదునందు కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము ప్రత్యేక తీర్మానమున ఖండించెను. ఆ ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను జపాను బాంబులు పడినవి. రంగమునుండి ప్రాణములతో బయటపడి ఇల్లు చేరినవారికి కాకినాడ తీరమునను ఆ విమానములే ఎదురైనవి.

రంగూను 1942వ సంవత్సరము మార్చి 8వ తేదీన జపాను వశమైన పిదప, బర్మా ఆంగ్లప్రభుత్వము సిమ్లాలో కొలువుదీరి, మూడేండ్లపాటు పునర్నిర్మాణ ప్రణాళికలు వ్రాసికొనుచు కూర్చుండెను. ఆ దేశము నిజముగనే సర్వనాశనమై యుండెను. పారిపోవు ఆంగ్లసైన్యము సిరియాము నూనె కర్మాగారమును తగులబెట్టినది. ఐరావతిలోని వందలాది పడవలను ముంచివేసినది. ఆవా వద్ద 1934వ సంవత్సరమున తెఱచిన గొప్ప వంతెనను పేల్చివేసినది. తిరిగి వచ్చునపుడు ఆ సైన్యపు విమానములు మిగిలినదానిని కూల్చినవి. యుద్ధమునకు పూర్వము ఏటేట 30 లక్షల టన్నుల బియ్యము ఎగుమతి చేసిన దేశము ఆ స్థితికి చిరకాలము మరల రాలేదు. సిమ్లాలో పుట్టిన ప్రణాళికల ప్రకారము బియ్యము, కలప, రవాణాల పనులకై ఒక్కొక్క మండలి ఏర్పడెను; ఆ మండలులను నడిపినవారు చాలవఱకు పూర్వపు పెద్దకంపెనీల ఉద్యోగులే. ప్రజల కొఱకని వచ్చిన ధనముతో ముందుగా కంపెనీలు లేచి నిలువబడుచున్నవని స్వాతంత్ర్య నాయకుడగు ఆంగ్ సాన్ పక్షమువారు చేసిన ఆక్షేపణకు సమాధానము దొరకలేదు.

స్వాతంత్ర్యమునకు ముందే, 1947వ సంవత్సరమున, ఇతర దేశములనుండి వచ్చువారిపై నిషేధములు విధించు చట్టము బర్మాలో అమలులోనికి వచ్చెను. నడచి వచ్చిన కోరంగీకి అనుమతి పత్రము లేనిదే మరల ఓడ ఎక్కు హక్కు లేదాయెను. బర్మీయులను నిందించుట సులభమే గాని న్యాయము కాదు. ధరలు పడిపోయిన 1930ల దశకములో దక్షిణ బర్మా వరిభూములలో నాలుగవ వంతు తమిళ వడ్డీవ్యాపారులగు చెట్టియార్ల వడ్డీలెక్కల క్రిందికి పోయినది. తమ దేశములో తాము కూలీలగుచున్నామను వారి భయము పట్టరానిది. అయినను, ఆ చట్టము దెబ్బ తగిలినది వడ్డీకిచ్చినవానికంటె బస్తా మోసినవానికే. మొదటివానికి పత్రములుండెను, వకీళ్ళుండిరి. రెండవవానికి చేతులు తప్ప ఏమియు లేదు.

1948వ సంవత్సరము జనవరి 4వ తేదీన స్వతంత్రమైన బర్మా ఆ వసంతములోనే అంతర్యుద్ధములో పడెను. కమ్యూనిస్టులు ముందు, కరెను జాతివారు తరువాత ఆయుధములు పట్టిరి. ఒకానొక సమయమున రంగూను ప్రభుత్వపు అధికారము నగరపు పొలిమేరలు దాటుట లేదని జనులు చెప్పుకొనిరి. శాంతి కుదురక పూర్వమే సహాయము వచ్చి పడిన దేశము అది. 1950వ సంవత్సరమున కామన్వెల్తు దేశములు కలసి 60 లక్షల పౌనుల ఋణము ఒప్పుకొనెను. అందు మూడేండ్ల వయస్సైనను నిండని స్వతంత్ర భారతదేశపు వాటా 10 లక్షల పౌనులు. ఆ సంవత్సరముననే అమెరికా సహాయపు ఒడంబడికయు జరిగినది. అమెరికా నిపుణులు బర్మాదేశపు నదులను, గనులను, దారులను కొలిచి బృహత్తరమైన నివేదిక నొకదానిని తయారు చేయుచుండగా, ఆ అమెరికాయే, చైనాలో ఓడిపోయి షాన్ కొండలలో తిష్ఠ వేసిన కొమింటాంగు సైన్యమునకు రహస్యముగ ఆయుధములందించుచుండెను. దీనిని సహింపజాలక 1953వ సంవత్సరమున ప్రధానమంత్రి ఊ నూ ప్రభుత్వము ఆ సహాయమును వలదని పంపివేసి, నిపుణుల జీతములను తన ఖజానానుండి చెల్లించుకొనెను. బీదదేశ మొకటి సహాయమును తిరుగగొట్టిన సంఘటనలు చరిత్రలో అరుదుగ నున్నవి. నా దృష్టిలో ఇది అహంకారము కాదు, విచక్షణ. ఒక చేత గాయము చేయుచు ఒక చేత మందు పూయు వైద్యునికి ద్వారము మూయుట రోగికి గల హక్కు.

పిదప వచ్చినది జపాను పరిహారము. 1954వ సంవత్సరము నవంబరు 5వ తేదీ ఒడంబడిక ప్రకారము పదియేండ్లలో 20 కోట్ల డాలర్ల విలువగల సామగ్రిని, సేవలను ఇచ్చుటకు జపాను ఒప్పుకొనెను. ఆర్థిక సహకారము క్రింద మఱి 5 కోట్లు. ఆ ధనముతో కయా రాష్ట్రమున బలూచాంగు నదిపై జలవిద్యుత్కేంద్రము వెలసినది. దాని దీపములు రంగూనులోను, మాండలేలోను వెలిగినవి. తీగెలు తలలపైనుండి పోవుచున్న ఆ కొండపల్లెలలో చిరకాలము చీకటియే మిగిలినది, తరువాతి కాలమున ఆ తీగెల రక్షణకై సైన్యము మందుపాతరలు పాతినది. ఆ దశకమున బియ్యపు ధర పడిపోయి, డాలర్లు చాలక, బియ్యమిచ్చి సిమెంటు తెచ్చుకొను ఏర్పాటు సోవియెట్టు కూటమితో చేసికొనగా, పనులు ప్రారంభము కాకమునుపే సిమెంటు రంగూను రేవులో గుట్టలుగ దిగి, వర్షాకాలమున తడిసి గడ్డకట్టిపోయెను. పూర్వము ఆ రేవులో ఓడలు దింపిన లక్ష చేతులలో ఎన్నో అప్పటికి గోదావరి జిల్లాలలో పని లేక యుండినవి. ఈ రెండు సంగతులను కలిపి చూచినవారు సహాయదాతలలో గాని, గ్రహీతలలో గాని ఎవరును కానరారు.

ఇక్కడనే మన కథలోని ముఖ్యమైన అన్యాయము కలదు. బాంబులు వేసిన జపాను బర్మాప్రభుత్వమునకు పరిహారమిచ్చెను. రేవులో చచ్చిన కోరంగీ బర్మీయుడు కాడు గనుక ఆ పరిహారమున వానికి పాలు లేదు. వాడు భారతీయుడు, కాని భారతదేశము 1952వ సంవత్సరము జూను 9వ తేదీన జపానుతో ప్రత్యేక సంధి చేసికొనుచు పరిహార హక్కుల నన్నింటిని వదలుకొనెను. ఓడిన ఆసియా దేశమును అవమానింపరాదను ఔదార్యము ఆ సంధిలో నున్నది. దానిని నేటికిని జపానువారు కృతజ్ఞతతో తలంతురు. ఆ ఔదార్యమును నేను తక్కువ చేయను. అయినను, ఆ వదలుకొన్న హక్కులలో కాకినాడ తాలూకా పల్లెలలోని విధవల హక్కులును కలవు. వదలుకొనువారు వారిని అడుగలేదు, వారి కొఱకు వేరొక నిధిని ఏర్పఱుపలేదు. రెండు సంధుల నడుమ, రెండు ఉదార రాజనీతుల నడుమ, నష్టపోయిన మనుష్యుడు ఏ పద్దునను లేకుండ జారిపోయెను.

భారతదేశము బర్మాకు చేసిన సహాయము స్వల్పమైనది కాదు. 1954వ సంవత్సరమున 9 లక్షల టన్నుల బియ్యము కొనుటకు ఒడంబడిక చేసికొని, పిదప 20 కోట్ల రూపాయల ఋణమును మంజూరు చేసెను. కాని ఈ ఒడంబడికలు ప్రభుత్వమునకు ప్రభుత్వమునకు నడుమ జరిగినవి. 1962వ సంవత్సరమున నె విన్ సైన్యాధిపతి అధికారము చేజిక్కించుకొని, 1964వ సంవత్సరమున అంగళ్ళను జాతీయము చేసి, 50, 100 చ్యాట్ల నోట్లను రద్దు చేయగా, యుద్ధమునకు పిదపను అచ్చట నిలిచియుండిన భారతీయులలో లక్షకు పైగా జనులు చేతి సంచులతో ఓడలెక్కి మదరాసు, విశాఖపట్టణము రేవులలో దిగిరి. కంచరపాలెమునందలి బర్మా క్యాంపు ఆనాటిది. ఈమారు మన ప్రభుత్వము వారిని కాందిశీకులుగా గుర్తించి, వ్యాపార ఋణములు, ఇండ్ల స్థలములు ఇచ్చినది; 1969వ సంవత్సరమున బర్మా, సింహళ కాందిశీకుల కొఱకే ఒక సహకార బ్యాంకును మదరాసులో నెలకొల్పినది. రెప్కో అను ఆ బ్యాంకు నేటికిని దక్షిణ రాష్ట్రములలో పనిచేయుచున్నది. 1942 నాటి కాందిశీకులకు, 1964 నాటి కాందిశీకులకు దుఃఖములో భేదము లేదు. రెండవవారి పేర్లు పట్టికలో నుండెను, మొదటివారివి లేకుండెను. భేద మంతయు అంతే.

ఇతర దేశముల అనుభవమును కొంత స్పృశించి చూచినను ఈ మాటయే గట్టిపడును. 1948 మొదలు 1952 వఱకు అమెరికా ఐరోపాకు ఇచ్చిన 1,300 కోట్ల డాలర్ల మార్షలు సహాయము సఫలమైనదని అందఱును అంగీకరింతురు. ఆ ధనపు పంపకమును గ్రహీత దేశములే కలసి కూర్చుండి ప్రణాళికగా వేసికొన్నవి. పొలము ఎవరిదో, మిల్లు ఎవరిదో, పని తెలిసినవాడెవడో చెప్పు దస్త్రములును, నగరసభలును వారికి మిగిలియుండినవి. అఫ్గనిస్తానములో అమెరికా ఒక్కటియే ఇరువది యేండ్లలో పునర్నిర్మాణమునకై దాదాపు 14,500 కోట్ల డాలర్లు కేటాయించెను. డాలరు విలువలోని మార్పును లెక్కించినను అది మార్షలు సహాయమును మించినది. అందు అధికభాగము విదేశీ గుత్తేదారుల చేతులమీదుగ పోయినది; జీతము తీసికొనుచున్న సైనికులలో ఎందఱో కాగితములపై మాత్రమే యుండిరని అమెరికా పరిశీలకులే నివేదించిరి. 2021వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన కాబూలు పడిపోయెను. అచ్చట భారతదేశము చేసిన సహాయము పరిమాణములో తక్కువైనను, జరంజి నుండి దెలారాము వఱకు 218 కిలోమీటర్ల దారియు, 2016వ సంవత్సరమున హెరాతులో హరీనదిపై పూర్తియైన సల్మా ఆనకట్టయు నిలిచియున్నవి. ఆ పనులలో భారతీయులు కొందఱు, అంతకు పెక్కు రెట్లు అఫ్గనులు ప్రాణములు కోల్పోయిరి. టెలిఫోను పనిపై అచ్చటికి పోయిన హైదరాబాదు ఇంజనీరు నొకనిని 2006వ సంవత్సరము ఏప్రిలు నెలలో తాలిబానులు అపహరించి చంపిరి. ఆ వార్త తెలుగునాట ఇంటింటను కలవరము పుట్టించినది.

కంబోడియా చరిత్రలో నా మనస్సునకు హత్తుకొన్నది కోట్ల లెక్క కాదు. 1991వ సంవత్సరపు పారిసు ఒడంబడిక పిదప థాయి సరిహద్దు శిబిరములనుండి 3,60,000 మంది కాందిశీకులను ఐక్యరాజ్యసమితి స్వదేశమునకు చేర్చెను. తొలుత ఒక్కొక్క కుటుంబమునకు సాగుభూమి ఇత్తుమనిరి. మందుపాతరలు లేని భూమి చాలినంత దొరకక, పిదప పెద్దలకు తలకొక 50 డాలర్లు, పిల్లలకు అందులో సగము ఇచ్చి పంపిరి. ఇచ్చినమాట తప్పుట తప్పే. కాని ఆ సంస్థ ముందుగ మనుష్యులను లెక్కించినది, వారినే అడిగినది, పిదపనే దారులను, కచేరీలను గూర్చి ఆలోచించినది. ఆ వరుస సరియైనది.

శాంతిని ధనముతో కొనవచ్చునను భ్రాంతి మఱియొకటి కలదు. 2003వ సంవత్సరము జూను నెలలో టోక్యోలో కూడిన దాతలు, సంధి ముందుకు సాగినచో సింహళమునకు 450 కోట్ల డాలర్లు ఇత్తుమని ప్రకటించిరి. తిరుగుబాటుదారులగు తమిళ పులులు ఆ సభకే రాలేదు. మూడేండ్లలో యుద్ధము మరల రగులుకొనెను. 2009వ సంవత్సరము మే నెలలో ఆ యుద్ధము అతిక్రూరముగ ముగిసిన పిదప, ముఖ్యముగ ఉత్తరమున ఇండ్లు కోల్పోయిన తమిళుల కొఱకు మన దేశము 50,000 ఇండ్లు కట్టించుటకు పూనుకొన్నది. మొదటి వేయి ఇండ్లను గుత్తేదారులచే కట్టించిరి. తరువాత ఆ పద్ధతిని విడిచి, ఇంటికి 5,50,000 సింహళ రూపాయల చొప్పున, పని జరిగిన కొలది విడతలుగ, ఇంటివారి బ్యాంకు ఖాతాలలోనే ధనము వేసిరి. గది ఎచ్చట ఉండవలెనో, వాకిలి ఎటు ఉండవలెనో ఇంటివారే నిశ్చయించుకొనిరి. విధవలు, వికలాంగులు గల ఇండ్లకు ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థవారును, రెడ్ క్రాసువారును తోడుపడిరి. ధరలు పెరిగి, ఇచ్చిన ధనము చాలక, అప్పులపాలైనవారు కలరను విమర్శ నిజమే; దానిని దాచుట తగదు. అయినను, స్వతంత్ర భారతదేశము విదేశములలో చేసిన సహాయములలో నేను దీనినే అగ్రస్థానమున నుంచుదును. దీనికి ముందు పట్టిక ఉండెను, పట్టికలో పేరుండెను, పేరుకొక ఖాతా ఉండెను.

కడియపులంక నర్సరీలలో మొక్కను పెకలించి దూరమునకు పంపువారు వేళ్ళచుట్టునున్న మట్టి చెదరకుండ కట్టి పంపుదురు. ఆ మట్టి విడిపోయిన మొక్కకు క్రొత్తచోట ఎంత ఎరువు వేసినను తేరుకొనుట కష్టము. యుద్ధము వెడలగొట్టిన మనుష్యుని చుట్టునుండు మట్టి ఏది? వాని భూమి పత్రము, వాని పని, వాని ఇరుగుపొరుగు, తాను ఫలానా ఊరివాడనని చెప్పుకొనుటకు గల ఆధారము. సహాయమునకు వచ్చువారు తొలిదినమున చేయదగిన పని వీనిని కాపాడుట.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ కలదు. పరదేశపు ప్రజల పట్టికలు వ్రాయుట ఆ దేశపు సార్వభౌమాధికారములో జోక్యము చేసికొనుట కాదా, ప్రభుత్వమును దాటి ప్రజలకు ధనమిచ్చుట ఆ ప్రభుత్వమును బలహీనపఱచుట కాదా అని అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే, అఫ్గనిస్తానములో ప్రభుత్వమును తప్పించి పంచిన ధనము ఆ ప్రభుత్వమునకు చెదపట్టించినదని పలువురు వ్రాసిరి. కాని సింహళములో ప్రభుత్వపు అంగీకారముతోనే, దాని అధికారులతో కలసియే, ఇంటివారి ఖాతాలలో ధనము వేయగలిగితిమి. ప్రభుత్వము ఒప్పుకొననిచోట, ధనము కొంత ఆలస్యమైనను, పట్టిక కొఱకు పట్టుపట్టుట దాత ధర్మమని నా అభిప్రాయము. ప్రభుత్వములు వంతెనల కొఱకు వేగిరపడును; వంతెన ఒక ఏడాది ఆగగలదు, పత్రము లేని కుటుంబము చెదరిపోవుటకు ఒక్క ఋతువు చాలును.

ఇప్పుడు బర్మాదేశము మరల యుద్ధములో నున్నది. 2021వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన సైన్యము అధికారము లాగుకొన్న పిదప స్వదేశములోనే ఇల్లు విడిచినవారు 30 లక్షలకు పైబడిరి. 2025వ సంవత్సరము మార్చి 28వ తేదీ భూకంపములో, 1942లో పేల్చబడి 1954లో మరల నిలిచిన ఆవా వంతెన కూలిపోయినది. మన దేశము ఆపరేషన్ బ్రహ్మ పేరున వైద్యులను, మందులను, ఆహారమును వెంటనే పంపినది, అది హర్షింపదగినది. కాని సైన్యపు అధికారము లేని పల్లెలకు సహాయము చేరుటకు అడ్డంకులు కలిగినవని పలు సంస్థలు మొఱపెట్టుకొన్నవి. మన ప్రభుత్వము 2008వ సంవత్సరమున ఒప్పుకొన్న, బర్మా తీరమునుండి మన ఈశాన్యమునకు వేయదలచిన కలదాను మార్గములో సిత్వే రేవు 2023వ సంవత్సరమున తెఱువబడినది గాని, మిజోరము చేరవలసిన దారి పూర్తికాలేదు; ఆ దారిలోని పలేట్వా 2024వ సంవత్సరమునుండి తిరుగుబాటు దళమగు అరకాను సైన్యపు చేతిలో నున్నది. ప్రభుత్వముతో మాత్రమే మాటాడి కట్టిన దారి ప్రభుత్వము లేనిచోట ఆగిపోయినది.

అచ్చట తెలుగువారు పూర్తిగ తుడిచిపెట్టుకొని పోలేదు. మోల్మేను, పెగూ ప్రాంతములలో తెలుగు కుటుంబములు, దేవాలయములు, పిల్లలకు తెలుగు నేర్పు సంఘములు కలవు. 1982వ సంవత్సరపు పౌరసత్వ చట్టము, 1823వ సంవత్సరమునకు ముందునుండి ఆ నేలపై నున్న జాతులకే సంపూర్ణ పౌరసత్వమును ఇచ్చుచున్నందున, ఆనకట్ట నాటి తరువాత పోయిన మనవారి మునిమనుమలలో అనేకులు నేటికిని సరియైన పత్రములు లేనివారే. రొహింగ్యాల దుస్థితియు ఆ చట్టపు ఫలమే. వారి దుఃఖము లోకమునకు తెలిసినది, వీరిది తెలియలేదు. యుద్ధము ముగిసి, టోక్యోలోనో ఢిల్లీలోనో దాతల సభ కూడునాడు, భారతదేశము తన వాటా ధనముతోపాటు ఈ పత్రముల విషయమును కూడ ఒడంబడికలో చేర్పింపవలెను. తమిళులు, తెలుగువారు, వంగీయులు, రొహింగ్యాలు, కరెనులు అను భేదము లేకుండ, ఆ నేలపై పుట్టిన ప్రతి మనుష్యునికిని పత్రము లభింపవలెను.

ఆ సభకు మునుపే ఇచ్చట చేయదగిన పని కొంత కలదు. కాకినాడ, విశాఖపట్టణము రేవుల ప్రయాణీకుల లెక్కలు, 1942 నాటి కాందిశీకుల కాగితములు, 1964 తరువాతి పునరావాస దస్త్రములు ఉన్నంతవఱకు ఒక్కచోట చేర్చి, బర్మా క్యాంపులోను డెల్టా పల్లెలలోను ఇంకను సజీవులై యున్న వృద్ధుల మాటలను వ్రాయించి, రంగము పోయినవారి పేర్ల పట్టిక నొకదానిని మన విశ్వవిద్యాలయములు తయారుచేయవచ్చును. తన తాత ఫలానా ఊరినుండి ఫలానా యేట వచ్చెనని మోల్మేనులోని ఒక తెలుగు యువకుడు కచేరీలో చూపదగిన కాగితము ఏదైన నున్నచో, అది ఈ తీరమున పడియున్న పాతకట్టలలోనే దొరకవలసి యున్నది.